టిఫిన్ సెంటర్‌కు నష్టం వచ్చిన ఏడాది ఐటీఆర్-3 వేయడం

నమస్కారం. వ్యాపారంలో లాభం రాలేదు, పన్ను కట్టేది లేదు, ఇక ఆదాయపు పన్ను రిటర్న్ ఎందుకని చాలామంది ఊరుకుంటారు. ఈ ఏటి నష్టాన్ని రాబోయే ఏళ్ల లాభంలోంచి తీసివేసుకోవాలంటే గడువులోపల రిటర్న్ వేయవలసిందే.

లాగిన్, మదింపు సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది), వ్యాపారం ఉన్నవారి రిటర్న్ ఫారం ఐటీఆర్-3, ఇవన్నీ తెరపై చూస్తూనే ఉన్నారు కనుక ఇక్కడ ఆగను. లాభాన్ని అంచనాగా చూపే చిన్న వ్యాపారుల ఫారం ఐటీఆర్-4 మాత్రం ఎంచుకోకండి, అందులో నష్టాన్ని ముందుకు తీసుకువెళ్లే వీలు లేదు. నేనైతే పోర్టల్‌లో నేరుగా నింపను. మధ్యలో లాగౌట్ అయిపోతుందన్న భయంతో మన కంప్యూటర్‌లోనే నింపుకునే ఆఫ్‌లైన్ యుటిలిటీనే దించుకొని వాడతాను.

మన ఉదాహరణలో ఒక టిఫిన్ సెంటర్ అమ్మకాలు 18,00,000 రూపాయలు. సరుకులు, జీతాలు, అద్దె, గ్యాస్ కలిపి ఖర్చు 19,65,000. అంటే నష్టం 1,65,000. గ్రైండర్లు, ఫ్రిజ్, స్టవ్‌ల విలువ 3,00,000 మీద 15 శాతం చొప్పున తరుగుదల, అంటే వాడకంతో వాటి విలువ తగ్గినందుకు చూపే ఖర్చు, 45,000 విడిగా వస్తుంది. ఈ రెండు అంకెలనూ విడివిడిగా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు సీవైఎల్ఏ షెడ్యూల్, అంటే ఈ ఏటి నష్టాన్ని ఈ ఏటి ఇతర ఆదాయంతో సర్దే పట్టిక, చూడండి. యజమానికి వచ్చిన 50,000 బ్యాంకు వడ్డీని నష్టం మింగేసింది. ఆ వడ్డీ మీద ఎలాగూ పన్ను పడేది కాకపోయినా ఈ సర్దుబాటును మనం ఆపలేము. జీతం ఆదాయం ఉంటే మాత్రం వ్యాపార నష్టాన్ని అందులోంచి తీయనివ్వరు. మిగిలిన 1,15,000 ముందుకు తీసుకువెళ్లే నష్టాల పట్టిక అయిన సీఎఫ్ఎల్ షెడ్యూల్‌లోకి చేరి 8 మదింపు సంవత్సరాలు నిలుస్తుంది. తరుగుదల 45,000 వేరే షెడ్యూల్‌లో ఉంటుంది, దానికి కాలపరిమితి లేదు.

సబ్మిట్ నొక్కాము. దయచేసి వీడియో ఇక్కడ ఆపేయకండి, నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. మా తమ్ముడి దుకాణానికి గడువుకు రెండు రోజుల ముందే రిటర్న్ వేసి, పని అయిపోయిందనుకొని, ఈ-వెరిఫై చేయడం, అంటే ఆ రిటర్న్‌ను ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం, మరిచిపోయి, దాదాపు నలభై రోజులకు చేశాను. వేసిన 30 రోజులలోపల వెరిఫై చేయకపోతే, వెరిఫై చేసిన రోజునే రిటర్న్ వేసినట్లు లెక్కిస్తారు. ఆ లెక్కన మాది గడువు దాటిన రిటర్న్ అయిపోయి, వ్యాపార నష్టం పోయింది, తరుగుదల ఒక్కటే మిగిలింది. కాబట్టి ఇదే కూర్చున్నచోట ఈ-వెరిఫై నొక్కండి, ఆధార్ ఓటీపీ ఇవ్వండి, వచ్చిన రసీదును దించుకోండి.