ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో సాఫ్ట్‌వేర్ ఎందుకండీ?

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఇంటర్ పిల్లల హాల్‌టికెట్ ఇప్పుడు వాట్సాప్‌లోనే వచ్చేస్తోంది కదా, 2025 జనవరి 30న ఏపీ ప్రభుత్వం మన మిత్ర అనే వాట్సాప్ సర్వీసు మొదలెట్టినప్పుడే 161 సర్వీసులు పెట్టారు, తర్వాత హాల్‌టికెట్లు కూడా అందులోకి వచ్చాయి. అదే పిల్లాడు డిగ్రీ అయ్యాక ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కావాలన్నా ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కులన్నీ ఉండే కాగితం) కావాలన్నా చాలాచోట్ల ఇంకా చలానా కట్టు, జిరాక్స్ తీయి, సంతకం పెట్టించు, సెక్షన్‌లో ఇచ్చి రా. వీసా డేట్ దగ్గరపడ్డ పిల్లలు విజయవాడ బెంజ్ సర్కిల్ కన్సల్టెన్సీకీ యూనివర్సిటీకీ మధ్య తిరుగుతూనే ఉంటారు. ఆన్‌లైన్ లేదా అంటే ఉంది, ఆన్‌లైన్లో అప్లై చేసి, ఆ ప్రింట్ తీసుకుని, మనమే వెళ్లి ఇవ్వాలి, అదీ వాళ్ల ఆన్‌లైన్!

అందరూ కౌంటర్‌లో కూర్చున్నాయన్ని తిడతారు గానీ ఆయన మాత్రం ఏం చేస్తాడండీ, ఎగ్జామ్స్‌కి ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్, ఫీజులకి ఇంకోటి, హాస్టల్‌కి ఎక్సెల్ షీటు, దేనికీ దేనితో సంబంధం ఉండదు. ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ టెండర్ పిలుచుకోవడం, కాంట్రాక్ట్ అయిపోగానే పాత డేటా కోసం ఆ వెండర్ వెనకాల పడటం.

దీంట్లో అసలు కష్టం ఎక్కడుందో చెప్తా. మన గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు చాలావరకు జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉంటాయి కదా, అక్కడ ఆర్-16, ఆర్-19, ఆర్-20, ఆర్-23 అని రెగ్యులేషన్లు, అంటే ఏ బ్యాచ్‌కి ఏ రూల్సో చెప్పేవి. ఒక్కోదానికి సిలబస్ వేరు, క్రెడిట్లు వేరు. ఆర్-16లో ఒక సబ్జెక్ట్ మిగిలిపోయినోడు ఎప్పుడు సప్లీ రాసినా వాడి లెక్క వాడి బ్యాచ్ రూల్స్‌తోనే తేలాలి, అంటే సాఫ్ట్‌వేర్ ఇవన్నీ ఒకేసారి మోయాలి. ఇలాంటి తలనొప్పి ప్రతి యూనివర్సిటీకీ ఉంది, మరి ప్రతి ఒక్కళ్లూ విడివిడిగా డబ్బులు పోసి ఎందుకు రాయించుకోవాలి?

కలిసి చేసుకున్నవాళ్లు ఉన్నారండీ. ఢిల్లీ యూనివర్సిటీలో తయారైన సమర్థ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, కేంద్ర విద్యాశాఖ ప్రాజెక్టు అది, అడ్మిషన్ నుంచి ఉద్యోగుల జీతాల దాకా అన్నీ అందులో మాడ్యూల్సే, చాలా సెంట్రల్ యూనివర్సిటీలు దాని మీదే నడుస్తున్నాయి, ఉత్తరాఖండ్ వాళ్లు రాష్ట్ర యూనివర్సిటీల అడ్మిషన్లు కూడా దాంట్లోనే పెట్టారు. పక్కనే కర్ణాటకలో యూయూసీఎంఎస్ అని యూనివర్సిటీలకీ కాలేజీలకీ ఉమ్మడి సాఫ్ట్‌వేర్ ఉంది. మనకీ డిగ్రీ అడ్మిషన్లు ఉన్నత విద్యామండలి ఒకే పోర్టల్‌లో చేస్తోంది, గేటు దగ్గర అందరం కలిసే ఉన్నాం, లోపలికెళ్లాక ఎవరి కొట్టు వాళ్లదే.

అలాగని కలిస్తే చాలు అనుకోకండి. అమెరికాలో ఇండియానా, కార్నెల్ లాంటి యూనివర్సిటీలు కలిసి కువాలి అని మొదలెట్టాయి, తలా కొంత డబ్బూ ప్రోగ్రామర్లనీ పెట్టి ఓపెన్ సోర్స్‌లో రాసుకున్నారు. ఫైనాన్స్ సాఫ్ట్‌వేర్ బాగానే వచ్చింది, స్టూడెంట్ సిస్టం మాత్రం ఏళ్ల తరబడి సాగింది, చివరికి 2014లో మొత్తం కువాలికే ఒక కంపెనీ పెట్టాల్సొచ్చింది. అపార్ట్‌మెంట్లో అందరూ కలిసి బోరు వేయించుకోవడం ఈజీనే అండీ, మోటార్ కాలిపోయినప్పుడు ఎవరు కడతారన్నది ముందే రాసుకోవాలి.

నా లెక్కలో అయితే ముందు ట్రాన్స్‌క్రిప్టూ, సర్టిఫికెట్లూ, జెన్యూనెస్ వెరిఫికేషనూ (సర్టిఫికెట్ అసలుదేనా అని తేల్చడం), ఈ మూడూ ఉమ్మడిగా పెట్టేయండి చాలు. డిజిలాకర్ ఉంది, అందులో యూనివర్సిటీ ఇచ్చిన సర్టిఫికెట్ చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానం, పిల్లల క్రెడిట్లు ఆన్‌లైన్లో దాచే క్రెడిట్ బ్యాంక్ 2021 నుంచే ఉంది, పైప్‌లైన్ అంతా వేసి ఉంది, మన వైపు నుంచి డేటా పోయాలి అంతే. రెగ్యులేషన్ల జోలికి తర్వాత వెళ్లొచ్చు, అప్పుడు మాత్రం ఎగ్జామ్ సెక్షన్‌లో పాతికేళ్లు చేసిన సూపరింటెండెంట్ గార్ని ప్రోగ్రామర్ పక్కన కూర్చోబెట్టాలి, చాలా రూల్స్ ఫైల్లో కంటే ఆయన బుర్రలోనే ఎక్కువ ఉంటాయి, ఆయన రిటైర్ అయిపోతే మళ్లీ దొరకవు.

మీకు ఓడీ చేతికి రావడానికి ఎన్నాళ్లు పట్టిందో, ఏ బ్యాచో కామెంట్లో పెట్టండి, ఆర్-16 వాళ్లు ముందు.