మాకు స్నేహితుల్ని ఇవ్వండి

శ్రోతలకు నమస్కారం. ఎండాకాలం సెలవులొస్తే పట్నం చర్చిల్లో యౌవనస్థులు వ్యాను మాట్లాడుకుంటారు. పాడేరు వైపో, భద్రాచలం అవతలికో నాలుగు రోజుల సువార్త యాత్ర. పగలు పిల్లలకు వి.బి.ఎస్., అంటే సెలవుల బైబిలు బడి, రాత్రికి కూటం, ఆఖరి రోజు బట్టల పంపిణీ. మంచి పనే. బయలుదేరేముందు ఒక సంగతి వినండి.

1910 జూన్. ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. 1,200 మంది దాకా ప్రతినిధులు, దాదాపు అందరూ తెల్లవాళ్లే. అక్కడ మాట్లాడడానికి ముప్పై అయిదేళ్ల భారతీయుడు లేచాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, అప్పటికే మన డోర్నకల్‌లో సేవ మొదలుపెట్టినవాడు. మిషనరీల త్యాగాన్ని భారత క్రైస్తవ సంఘం తరతరాలు తలుచుకుంటుందన్నాడు. పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలనే అర్పించారు అన్నాడు. ఆస్తి ఇచ్చినా, శరీరం అర్పించినా ప్రేమ లేకపోతే వ్యర్థమంటుంది బైబిల్లో మొదటి కొరింథీ పత్రిక పదమూడో అధ్యాయం. అది తెలిసినవాళ్లకు ఆ మాటలు ఎటు పోతున్నాయో అర్థమై ఉంటుంది. ఆ తర్వాత అన్నాడు: మేం ప్రేమ కూడా అడుగుతున్నాం. మాకు స్నేహితుల్ని ఇవ్వండి!

స్నేహితుల్ని ఇవ్వండి. డబ్బు కాదు, స్నేహితుల్ని. సభలో కొందరికి కోపమొచ్చింది. నాకైతే ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

అలా అడిగినవాడు తాను తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో కన్నుమూసేదాకా డోర్నకల్ విడవలేదు.

మనం ఉండేది నాలుగు రోజులే. నాలుగు రోజుల్లో స్నేహం కుదురుతుందా? కుదురుతుంది, వాళ్లింట అన్నం తింటే. నా యౌవనంలో మేమూ ఏజెన్సీ ఊరికి వెళ్లాం, బియ్యం మూటలు, వంటమనిషితో సహా. ఊళ్లో ఒకావిడ మాకోసం రాగి అంబలి కాచి, కోడిని కోసి వండి పెట్టింది. మాకు వంట అయిపోయిందమ్మా అన్నాం. ఆవిడ ఏమీ అనలేదు. గిన్నె మీద మూత పెట్టి లోపలికి తీసుకెళ్లింది. ఇన్నేళ్లయినా ఆ మూత చప్పుడు నన్ను వదల్లేదు.

యేసు డెబ్బదిమందిని పంపినప్పుడు సంచి పట్టుకెళ్లొద్దన్నాడు. మీ ముందర పెట్టినవి తినుడి అన్నాడు. ఇచ్చే చెయ్యిగానే వెళ్లడం మనకు అలవాటు. పుచ్చుకునే చెయ్యిగా వెళ్లమన్నాడాయన.

అందుకని ఈ వేసవిలో వెళ్లేవాళ్లు ఒక్క పని చేయండి. వంటమనిషిని తీసుకెళ్లొద్దు. అక్కడి సంఘ కాపరిగారికి ముందే ఫోన్ చేసి, ‘అయ్యగారూ, ఇద్దరిద్దరం ఎవరెవరింట భోంచేయొచ్చు?’ అని అడగండి. పేద ఇల్లు కదా, భారమవుతుందేమోనని మీకు అనిపిస్తుంది. నిజమే. బియ్యం, పప్పు, నూనె ఖర్చు లెక్కగట్టి వారం ముందే కాపరిగారి ద్వారా ఆ ఇళ్లకు చేర్చండి. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తొద్దు. ఫొటోలు తీయొద్దు. తిన్నాక కంచం మీరే కడగండి.