ఉన్నవాళ్లతోనే ఆడాలి: చిన్న ఊళ్ల ఫుట్‌బాల్, ఊరు వదలని కోచ్‌లు

అందరికీ నమస్కారం.

హైస్కూల్లో చేరబోయే పిల్లల తల్లిదండ్రుల కోసం ఏదైనా మాట్లాడమని అడిగారు. ఎస్‌ఏటీ గురించి, కాలేజీ అడ్మిషన్ల గురించి చెప్పగలిగినవాళ్లు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఫుట్‌బాల్ గురించి చెబుతాను. మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, ఇక్కడ అమెరికాలో పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని ఆడేది. కాన్సాస్ రాష్ట్రంలో పడమటి వైపు ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేస్తున్నాను. స్కూలు జట్టు ఆడుతుంటే మైదానం పక్కన డాక్టరు ఒకరు ఉంటే బాగుంటుందని నన్ను రమ్మన్నారు. అలా మొదలైంది. ఇప్పుడు పిలవకపోయినా వెళ్తాను.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒక్కో జట్టులో 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి, వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లది. గీత దాటించి చివరిదాకా తీసుకెళ్తే 6 పాయింట్లు. ఇంత తెలిస్తే కూర్చుని చూడొచ్చు.

ఇన్నాళ్లూ చూస్తూ నాకు అర్థమైంది ఒకటుంది. పెద్ద ఊరి స్కూల్లో కోచ్ ఆటగాళ్లను ఏరుకుంటాడు. చిన్న ఊళ్లో ఏరుకోవడానికి పిల్లలు ఉండరు. తరగతికి పదిహేను, ఇరవై మంది అబ్బాయిలుంటే అందులో పొట్టివాడు, బక్కవాడు, పరుగు రానివాడు, అందరూ ఉంటారు. వాళ్లతోనే జట్టు కట్టాలి. కాబట్టి ఇక్కడ కోచ్‌కి పేరొచ్చిందంటే అది ఎంపిక వల్ల వచ్చింది కాదు, నేర్పడం వల్ల వచ్చింది. నేర్పడానికి టైమ్ పడుతుంది కాబట్టి, ఆ ఊళ్లోనే ఉండిపోవడం వల్ల కూడా వచ్చింది.

స్మిత్ సెంటర్ అనే ఊరుంది, కాన్సాస్ ఉత్తరపు అంచున, నెబ్రాస్కా సరిహద్దుకు దగ్గరగా. జనాభా రెండు వేల లోపే. గోధుమ, మొక్కజొన్న, పశువులు, ఇవే అక్కడి బతుకుతెరువు. రోజర్ బార్టా అనే లెక్కల మాస్టారు 1978లో అక్కడ ఫుట్‌బాల్ కోచ్ అయ్యారు. 2012 సీజన్ దాకా ఆయనే కోచ్. గెలిచినవి 323, ఓడినవి 68. రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌లు ఎనిమిది. అందులో ఐదు వరసగా, 2004 నుంచి 2008 దాకా వచ్చినవే. ఆ సంవత్సరాల్లో ఆ జట్టు వరసగా 79 మ్యాచ్‌లు గెలిచింది. 2007లో ప్లెయిన్‌విల్‌తో ఆడిన మ్యాచ్‌లో మొదటి క్వార్టర్‌లోనే, అంటే 12 నిమిషాల ఆటలో, 72 పాయింట్లు చేశారు. దేశంలో ఏ హైస్కూలూ అంతకుముందు ఒక క్వార్టర్‌లో అన్ని పాయింట్లు చేయలేదు. ఆ మ్యాచ్ చివరికి 83-0. అంటే మిగతా మూడు క్వార్టర్లలో కలిపి చేసింది 11 మాత్రమే. నాకు ఆ 72 కంటే ఈ 11 ఎక్కువ నచ్చుతుంది. ప్లెయిన్‌విల్ పొరుగూరే, మళ్లీ ఏడాది మళ్లీ ఆడాల్సిన పిల్లలే.

ఇలాంటి ఫలితం ఎలా వచ్చింది? రహస్యమైన ఎత్తుగడలేమీ లేవు. బంతి విసరడం తక్కువ, పట్టుకుని పరిగెత్తడం ఎక్కువ. అది కూడా కొన్ని రకాల ఆటలే, మళ్లీ మళ్లీ అవే. విసిరే ఆటకు గొప్ప చెయ్యి ఉన్న కుర్రాడు ఒకడు కావాలి. చిన్న ఊళ్లో అలాంటివాడు ఎప్పుడో ఒకసారి పుడతాడు. పరుగు ఆటకు కావలసింది తన పక్కవాడికి దారి చేసిపెట్టడం తెలిసిన పదిమంది. అది నేర్పితే వచ్చే పని. ఏ అడుగు ఎటు వెయ్యాలో, ఎవరిని ఏ భుజంతో ఆపాలో ఏడో తరగతి నుంచే ఒకే పద్ధతిలో నేర్పుకుంటూ పోతే, పన్నెండో తరగతికి వచ్చేసరికి ఆలోచించకుండానే ఒళ్లు కదులుతుంది. అసిస్టెంట్ కోచ్‌లు కూడా ఏళ్ల తరబడి ఆయన దగ్గరే ఉన్నారు. పై తరగతికి వెళ్లిన పిల్లవాడికి కొత్త మాస్టారు పాత పాఠం మార్చేయడం అనేది అక్కడ జరగలేదు.

ఇక్కడ మన దగ్గరి సంగతి గుర్తొస్తుంది. గవర్నమెంటు స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఓపిగ్గా కబడ్డీ జట్టునో, వాలీబాల్ జట్టునో తయారు చేస్తాడు. మండల పోటీలు దాటి జిల్లా పోటీలకు వెళ్లేసరికి ఆయనకి బదిలీ వస్తుంది. తర్వాత వచ్చినాయన మొదటి నుంచి మొదలుపెడతాడు. మీలో చాలామంది ఇలాంటి స్కూళ్లలోనే చదివుంటారు, మీకు చెప్పక్కర్లేదు.

బార్టా శిష్యుల్లో మార్క్ సిమనో అనే అబ్బాయి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీకి ఆడి, తర్వాత డబ్బు తీసుకుని ఆడే పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లాడు. కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2012లో అతని పేరు చేరింది. కానీ ముప్పై ఐదు సంవత్సరాల్లో ఆయన చేతి కింద ఆడిన కొన్ని వందల మందిలో అలా వెళ్లినవాడు దాదాపుగా అతనొక్కడే. మిగతావాళ్లు వ్యవసాయం, బ్యాంకు, స్కూలు, ఆసుపత్రి పనుల్లో ఉన్నారు. బార్టా కొడుకు బ్రూక్స్ కూడా హోల్టన్ అనే మరో చిన్న కాన్సాస్ ఊళ్లో కోచ్ అయ్యి రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌లు గెలిపించాడు.

ఆ 79 మ్యాచ్‌ల వరస 2009 ఫైనల్‌లో ఆగింది. ఆపింది ఏ నగరమో కాదు, సెంట్రాలియా. సుమారు ఐదు వందల మంది ఉండే ఊరు.

ఇప్పుడు సీజన్ ఎలా నడుస్తుందో చెప్పాలి, ఎందుకంటే కోచ్ ఒక్కడి వల్లే ఇదంతా జరగదు. దగ్గరదగ్గరగా ఉన్న, ఇంచుమించు ఒకే సైజు స్కూళ్లు కొన్ని కలిసి ఒక గుంపుగా ఏర్పడి తమలో తాము ఆడుకుంటాయి. చాలా రాష్ట్రాల్లో దాన్ని కాన్ఫరెన్స్ అంటారు, మా వైపు లీగ్ అంటారు. స్మిత్ సెంటర్ ఉన్నది మిడ్ కాంటినెంట్ లీగ్‌లో. ప్లెయిన్‌విల్, నార్టన్, ఫిలిప్స్‌బర్గ్ కూడా అందులోనివే. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో ముందే రాసి ఉంటుంది. రాష్ట్ర ఛాంపియన్‌షిప్ కోసం మాత్రం స్కూల్లో ఎంతమంది పిల్లలున్నారన్న లెక్క మీద స్కూళ్లను విభాగాలుగా విడగొడతారు. కాన్సాస్‌లో పెద్ద స్కూళ్లు 6ఏ, చిన్నవి 1ఏ, అంతకన్నా చిన్నవాటికి ఎనిమిది మందితో ఆడే విభాగం.

రాష్ట్ర కప్పు ఏడాదికి ఒక్క ఊరికే వస్తుంది. లీగ్ మ్యాచ్ మాత్రం ప్రతి ఊరికీ ఉంటుంది. పక్కూరితో ఆడే శుక్రవారం వస్తే మా ఆసుపత్రిలో నర్సులు కూడా రెండు వర్గాలైపోతారు. ఒకామె ఈ ఊళ్లో పుట్టి ఆ ఊరి కోడలై ఉంటుంది, కొడుకు ఆ జట్టులో, మేనల్లుడు ఈ జట్టులో. జట్టుకు మంచి రోజులు లేని ఊళ్లో కూడా పక్కూరిని ఓడించిన సంవత్సరం పదేళ్ల దాకా చెప్పుకుంటారు. చిన్న ఊరి కోచ్‌కి నిజంగా పరీక్ష పెట్టేది ఈ లీగే అని నా అభిప్రాయం. రాష్ట్ర ఫైనల్‌కి మంచి బ్యాచ్ వచ్చినప్పుడు ఎవరైనా వెళ్లొచ్చు. మంచి బ్యాచ్ లేని ఏడాది కూడా లీగ్‌లో సగం పైన మ్యాచ్‌లు గెలిచే కోచ్ దగ్గర అసలు పనితనం కనిపిస్తుంది.

కోచ్ వారం చూస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. పగలు పాఠాలు చెప్పాలి, ఎందుకంటే అసలు జీతం టీచరుగానే. కోచింగ్‌కి ఇచ్చేది పైన కొంత. శనివారం పొద్దున నిన్నటి మ్యాచ్ వీడియో చూస్తారు. ఇప్పుడు దాదాపు అందరూ హడల్ అనే యాప్ వాడతారు. అది 2006లో నెబ్రాస్కాలోని లింకన్‌లో పుట్టిన కంపెనీ. మంగళ, బుధవారాలు గట్టి ప్రాక్టీసు, గురువారం తేలిగ్గా. చాలా ఊళ్లలో గురువారం రాత్రి ఎవరో ఒకరి ఇంట్లోనో చర్చిలోనో జట్టంతటికీ భోజనం. మైదానంలో గీతలు వేసేది, డ్రెస్సులు ఉతికించేది, ఒక్కోసారి బస్సు నడిపేది కూడా కోచే. గజాలు కొలిచే గొలుసు పట్టుకునేవాళ్లు రైతులు. బ్యాండ్‌కి మనుషులు సరిపోరు కాబట్టి ఆడుతున్న కుర్రాడే హాఫ్‌టైమ్‌లో హెల్మెట్ తీసి డ్రమ్ము వాయించి మళ్లీ వచ్చి ఆడతాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

శుక్రవారమే ఎందుకు అని అడుగుతారు. శనివారం కాలేజీలు ఆడతాయి, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్. శుక్రవారాన్ని చట్టం కూడా కాపాడుతోంది. 1961లో వచ్చిన స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ యాక్ట్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి టీవీ ఒప్పందాల్లో గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే చట్టాల నుంచి పెద్ద మినహాయింపు ఇచ్చింది కానీ, తర్వాత చేసిన సవరణతో హైస్కూల్ సీజన్‌లో శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక ఆ మినహాయింపు వర్తించకుండా పెట్టారు. అందుకే ఆ రాత్రి టీవీలో సాధారణంగా ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ ఉండదు. జనం మైదానానికి వస్తారు.

ఊరు వదలని కోచ్‌ల గురించి చెబుతూ దక్షిణ కరోలినాలో సమ్మర్‌విల్ ఊరి జాన్ మెకిసిక్ గారిని వదిలేయలేం. 1952లో అక్కడ మొదలుపెట్టి 2014 సీజన్ దాకా, అంటే 63 సీజన్లు, ఒకే స్కూల్లో. గెలిచినవి 621. పది రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌లు. ఆయన 2019లో, 93 ఏళ్ల వయసులో పోయారు. తాతను, తండ్రిని, మనవణ్ని ఆడించిన కోచ్. ఆడతానని వచ్చిన పిల్లవాణ్ని జట్టు నుంచి తీసేయకపోవడం ఆయన పద్ధతి అని చెబుతారు. సమ్మర్‌విల్ తర్వాత్తర్వాత పెద్ద ఊరైపోయింది. ఏరుకునే వీలు వచ్చాక కూడా ఆయన ఆ పద్ధతి మార్చుకోలేదంటే, చిన్న ఊరిలో నేర్చుకున్నది ఆయనలో ఎంత గట్టిగా నాటుకుందో చూడండి.

అయితే ఊళ్లే తగ్గిపోతున్నాయి. స్మిత్ కౌంటీ జనాభా 1900లో 16 వేల పైన ఉండేది, 2020లో 3,600 లోపు. పొలాలు పెద్దవయ్యాయి, యంత్రాలు వచ్చాయి, చేతులు అక్కర్లేకపోయాయి. 11 మంది దొరకని స్కూళ్లు ఎనిమిది మందితో ఆడతాయి. ఇంకా తగ్గితే ఆరుగురు.

ఆరుగురి ఆట పుట్టిందే కష్టకాలంలో. 1934లో నెబ్రాస్కాలోని చెస్టర్ ఊళ్లో పనిచేస్తున్న స్టీఫెన్ ఎప్లర్ అనే టీచరు, ఆర్థిక మాంద్యంలో పూర్తి జట్టు కట్టలేని స్కూళ్ల కోసం నియమాలు రాశాడు. ఆ సెప్టెంబరులోనే హెబ్రాన్ ఊళ్లో మొదటి మ్యాచ్ ఆడారు. రెండు వైపులా రెండేసి ఊళ్లు కలిసి కట్టిన జట్లు. మైదానం 80 గజాలే, 10 గజాలకు బదులు 15 వెళ్లాలి, ఆరుగురిలో ఎవరైనా బంతి అందుకోవచ్చు. హాఫ్‌టైమ్‌కి గానీ ఆ తర్వాత గానీ 45 పాయింట్ల తేడా ఉంటే ఆట ఆపేస్తారు. టెక్సాస్‌లో ఇది బాగా పాతుకుపోయింది, ఈ మధ్య కాన్సాస్‌లో కూడా అధికారికంగా ఆడుతున్నారు. ఇది నిజమైన ఫుట్‌బాల్ కాదని వెక్కిరించేవాళ్ల మాట నేను ఒప్పుకోను. ఆరుగురే ఉన్నప్పుడు ప్రతివాడూ పరిగెత్తాలి, ఆపాలి, అందుకోవాలి. దాక్కోవడానికి చోటుండదు. ఆ ఆరుగురికీ అన్నీ నేర్పాల్సిన కోచ్ పని పెద్ద స్కూల్ కోచ్ పనికన్నా తేలికని ఎవరంటారు?

దానికంటే బాధ పెట్టేది రెండు ఊళ్లు జట్టు కలపడం. నిన్నటిదాకా పోటీ పడిన ఊళ్లు ఒకే రంగు డ్రెస్సు వేసుకోవాలి. ఏ రంగు, ఎవరి మైదానం, ఎవరి కోచ్ అని స్కూలు బోర్డు మీటింగుల్లో రాత్రి దాకా వాదనలు నడుస్తాయి.

డాక్టరుగా చెప్పాల్సింది చెప్పకుండా కూర్చోలేను. మీ అందరి మనసులో ఉన్న టెన్షన్ నాకు తెలుసు. తలకు దెబ్బ. కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరిపోవడం, నిజమైన ప్రమాదమే. చిన్న స్కూల్లో ఒకే కుర్రాడు దాడిలోనూ రక్షణలోనూ ఆడతాడు, కాబట్టి అలసట ఎక్కువ, అలసిన ఒంటికి దెబ్బ తగిలే అవకాశం కూడా ఎక్కువ. వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల పిల్లవాడు 2006లో తలకు దెబ్బ తగిలాక మళ్లీ ఆటలోకి వెళ్లి, మెదడుకి తీవ్రమైన గాయంతో జీవితమంతా మారిపోయే స్థితికి చేరాడు. అతని పేరుతో అక్కడ 2009లో చట్టం వచ్చింది. కాన్సాస్‌లో 2011లో వచ్చింది. 2014 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో వచ్చింది. అనుమానం వస్తే ఆ రోజు ఆట ముగిసినట్టే. కాన్సాస్‌లో డాక్టరు సంతకం లేకుండా తిరిగి ఆడించకూడదు. ఆ సంతకం చేసేవాళ్లలో నేనొకణ్ని. లీగ్ మ్యాచ్‌కి ముందు ఊరంతా నా వైపు చూస్తున్నా, తేలకపోతే పెట్టను. మంచి కోచ్‌ని నేను గుర్తుపట్టేది అక్కడే: బెస్ట్ ప్లేయర్‌ని ఆడించొద్దని చెప్పినప్పుడు మారు మాట్లాడకుండా ఇంకో కుర్రాణ్ని పిలుస్తాడు. ఏడో తరగతి నుంచి అందరికీ నేర్పి ఉంటాడు కాబట్టి పిలవడానికి ఒకడుంటాడు.

దేశమంతా కలిపి 11 మంది ఆట ఆడే హైస్కూల్ పిల్లలు 2008-09లో 11 లక్షలు దాటారు, తర్వాత 10 లక్షలకు చేరువయ్యారు. తల్లిదండ్రుల భయం అందులో ఒక కారణం. మీ పిల్లవాణ్ని ఆడనివ్వాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. ఆడనివ్వనంటే నేను తప్పుపట్టను. ఆడతానంటే మాత్రం, ఆ స్కూలు ఎన్ని కప్పులు గెలిచిందని కాకుండా, కోచ్ అక్కడ ఎన్నేళ్ల నుంచి ఉన్నాడు, తొమ్మిదో తరగతిలో చేరినవాళ్లలో పన్నెండు దాకా ఎంతమంది మిగులుతున్నారు, ప్రాక్టీసులో దెబ్బలు చూసుకునే ట్రైనర్ ఉంటారా, ఈ మూడూ అడగండి.

సీజన్ సెప్టెంబరు మొదట్లో మొదలవుతుంది. మా వైపు మ్యాచ్‌లు చాలావరకు శుక్రవారం సాయంత్రం ఏడింటికి. వచ్చేవాళ్లు దుప్పటి తెచ్చుకోండి, అక్టోబరులో గాలి చలిగా ఉంటుంది. వస్తానంటే ముందు రోజు నాకు ఫోన్ చేయండి, గొలుసు పట్టుకునే వాళ్ల పక్కన నిలబెట్టి ఆట దగ్గర నుంచి చూపిస్తాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.