ఒకే చెవిలో రెండు గొంతులు

సభకు నమస్కారం.

కోనసీమ నుంచి, కాకినాడ, భీమవరం వైపుల నుంచి వచ్చిన విద్యార్థులూ, వారిని పైలట్ శిక్షణకు పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులూ ఈ సభలో ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకే విమానం నడపడం నేర్పే వృత్తిలో బయటివారికి అంతగా తెలియని ఒక సంగతిని ఈరోజు మాట్లాడదలచాను. శిక్షకుడు విద్యార్థికి పాఠం చెబుతూనే, కంట్రోల్ టవర్‌తో జరిగే రేడియో సంభాషణలో ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా చూసుకోవాలి. ఈ రెండు పనుల్లో దేన్ని ఎప్పుడు ఆపాలి, రేడియోను విద్యార్థికి ఎప్పుడు అప్పగించాలి అన్నదే నేను ఇన్నేళ్లుగా పట్టించుకుంటున్న ప్రశ్న.

సెస్నా 152 వంటి శిక్షణ విమానంలో ఇద్దరం భుజాలు రాసుకుంటూ కూర్చుంటాం. ఎడమ సీటు విద్యార్థిది, కుడి సీటు శిక్షకుడిది. ఇంజన్ హోరులో మామూలు మాట వినపడదు కనుక ఇద్దరికీ హెడ్‌సెట్లు ఉంటాయి. నేను చెప్పే పాఠమూ, టవర్ ఇచ్చే ఆదేశమూ ఆ ఒక్క హెడ్‌సెట్ గుండానే విద్యార్థి చెవికి చేరతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. విమానం వెయ్యి అడుగుల ఎత్తులో రన్‌వేకి సమాంతరంగా, అంటే డౌన్‌విండ్‌లో, సాగుతున్నప్పుడు "వేగం తగ్గుతోంది, ముక్కు దించు" అని నేను అంటున్న క్షణంలోనే టవర్ "మీ ముందు ఒక విమానం ఫైనల్‌లో ఉంది, మీది రెండో నంబరు" అని చెబితే (ఫైనల్ అంటే దిగడానికి రన్‌వేకి ఎదురుగా వచ్చే చివరి దారి), విద్యార్థికి రెండు మాటలూ సగం సగమే అందుతాయి. ఆ సగం సగం మాటలతోనే అతడు మలుపు తిప్పుతాడు.

అందువల్ల టవర్ గొంతు వినపడగానే నేను వాక్యాన్ని ఎక్కడిదక్కడ ఆపేస్తాను. అద్దం ముందు అరచేయి ఎత్తి పెడతాను. ఆ చేయి కిందికి దిగేదాకా మా ఇద్దరి పనీ వినడమే. మొదట్లో విద్యార్థికి ఇది అమర్యాదగా తోస్తుంది, ఎందుకంటే అతడు అడిగిన ప్రశ్నకు జవాబు మధ్యలోనే తెగిపోతుంది. కొన్ని పాఠాలు గడిచాక తన ప్రశ్నను తానే ఆపి చేయి ఎత్తుతాడు. రేడియోను అతడు నిజంగా వింటున్నాడని నాకు తెలిసేది అప్పుడే.

అలాగని రేడియో పిలిచినప్పుడల్లా విమానాన్ని వదిలేసి జవాబు చెప్పమని దీని అర్థం కాదు. ముందు విమానాన్ని ఎగరనివ్వాలి, తర్వాత దారి చూసుకోవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి అన్న క్రమం పైలట్లందరికీ మొదటి పాఠం. కోటిపల్లి రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు గట్టుకు చేరే వేళ దాన్ని నడిపే సరంగు ఎవరి పలకరింపుకూ బదులివ్వడు, అతడి చూపు గట్టు మీదే ఉంటుంది. నేల తాకబోయే ముందు ముక్కు ఎత్తే ఆ కొద్ది క్షణాల్లో మా విద్యార్థి కూడా అలాగే ఉండాలి. అయితే ఆ సమయంలో టవర్ "గో అరౌండ్" అని, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవమని, చెబితే దాన్ని వెంటనే అమలు చేయాలి కనుక నేను కూడా నోరు మూసుకుని వింటూ ఉండాలి. శిక్షకులకు ఎక్కువగా మాట్లాడాలనిపించేది సరిగ్గా అక్కడే కావడం వల్ల ఇది అనుకున్నంత సులువు కాదు.

ఇక రేడియోను అప్పగించే విషయం. మొదటి పాఠాల్లో దాన్ని నేనే చూసుకుంటాను, కానీ ఊరికే వినిపించి వదిలేయను. "గాలి ఎటునుంచి అన్నారు? మన ముందున్న విమానం ఇప్పుడు ఎక్కడ ఉండి ఉంటుంది?" అని అడుగుతాను. ఆ జవాబులు కుదురుకున్నాక రీడ్‌బ్యాక్ అతడి వంతు అవుతుంది. రన్‌వే నంబరు, క్లియరెన్సు (టవర్ ఇచ్చిన అనుమతి), ఎత్తు, హెడింగ్ (విమానం ముక్కు చూపే దిశ), ఆల్టిమీటర్ సెట్టింగు (ఎత్తు చూపే మీటరుకు పెట్టే అంకె), ట్రాన్స్‌పాండర్ కోడ్ (రాడార్‌లో విమానాన్ని గుర్తుపట్టే అంకె) వంటివి విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి, అది తప్పయితే కంట్రోలర్ సరిదిద్దుతారు. తానే టవర్‌ను పిలవడం చివరి మెట్టు. విమానాన్ని చేతులు మార్చేటప్పుడు "యూ హావ్ కంట్రోల్" అని నోటితో అని, "ఐ హావ్ కంట్రోల్" అన్న జవాబు వినేదాకా ఆగుతాం. రేడియోకు కూడా అంతే స్పష్టత కావాలి. లేకపోతే అతడు చెప్పాడని నేనూ, నేను చెప్పానని అతడూ అనుకుంటాం, టవర్‌కు మాత్రం జవాబే వెళ్లదు.

విద్యార్థి తడబడి మౌనంగా ఉండిపోయినప్పుడు శిక్షకుడి బొటనవేలు దానంతట అదే రేడియోలో మాట్లాడే బటన్ మీదకు వెళుతుంది. డౌన్‌విండ్‌లో అయితే నేను దాన్ని ఆపుకుంటాను. జవాబు ఒక్క క్షణం ఆలస్యమైతే టవర్ మళ్లీ పిలుస్తుంది, నష్టం లేదు. నేలకు దగ్గరైనప్పుడు మాత్రం ఆగను. ఈ రెండు సందర్భాలకూ తేడా తెలియని శిక్షకుడు ప్రతిసారీ తానే జవాబిస్తాడు. చివరికి చేతులు చక్కగా పనిచేసే, చెవులు మాత్రం పనిచేయని పైలట్‌ను తయారు చేస్తాడు.

శిక్షకుడి అలవాట్ల గురించి మాట్లాడేటప్పుడు 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ ద్వీపంలో జరిగిన ప్రమాదాన్ని దాటి వెళ్లలేను. పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించారు. అనుమతి లేకుండా టేకాఫ్ మొదలుపెట్టిన, డచ్ విమాన సంస్థ కేఎల్ఎం కెప్టెన్ ఆ సంస్థలో సీనియర్ శిక్షకుడు. పక్కనున్న కో-పైలట్‌ను ఆ రకం విమానానికి పరీక్షించి అర్హుడని తేల్చిందీ ఆయనే. సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే విమానం నడిపినట్టు సాధన చేయించే యంత్రంలో, టేకాఫ్ అనుమతి ఇచ్చేది సాధారణంగా శిక్షకుడే కనుక, ఏళ్ల తరబడి అక్కడ పాఠాలు చెప్పిన అలవాటు ఆరోజు ప్రభావం చూపి ఉండవచ్చని విచారణలో చర్చకు వచ్చింది. టవర్ "ఆగండి, పిలుస్తాను" అంటున్నప్పుడే రన్‌వే మీదున్న ఆ రెండో విమానం కూడా మాట్లాడింది. విమానాల రేడియోలో ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే కీచుమనే శబ్దం వస్తుంది, ఆ శబ్దంలో రెండు మాటలూ మునిగిపోయాయి. అవతలి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అన్న అనుమానం ఫ్లైట్ ఇంజనీరు నోట వచ్చినా అది నిలవలేదు. పరీక్షించిన గురువును పక్కనున్నవారు గట్టిగా అడ్డుకోవడం ఎంత కష్టమో అక్కడ తేలింది. అందుకే నా విద్యార్థికి మొదటి వారంలోనే చెబుతాను: టవర్ మాట నీకు ఒకలా, నాకు ఒకలా వినపడితే, నేను పెద్దవాడినని ఊరుకోవద్దు, ఇద్దరం కలిసి మళ్లీ అడుగుదాం.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లల తల్లిదండ్రులు భాష గురించి బెంగపడుతుంటారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం పైలట్ ఇంగ్లిషు కనీసం నాలుగో స్థాయిలో ఉండాలి, రేడియో లైసెన్సుకు పరీక్ష కూడా ఉంటుంది. కానీ రోజూ టవర్‌తో మాట్లాడే మాటలు చాలావరకు కుదించి కట్టిన పరిమిత వాక్యాలే, గట్టిగా సాధన చేస్తే వస్తాయి. తెలుగు వచ్చిన పిల్లలకు నేను పాఠాన్ని తెలుగులోనే చెబుతాను. చేతులూ కళ్లూ పనిలో ఉన్నప్పుడు అమ్మభాషలో విన్నది త్వరగా తలకెక్కుతుంది. పైగా తెలుగు వినపడితే నేను, ఇంగ్లిషు వినపడితే టవర్ అని చెవి తనంతట తానే విడదీసుకుంటుంది.

ఇంటి దగ్గర చేయగల సాధన ఒకటి చెబుతాను. గోదావరి జిల్లాల మ్యాపు ముందు పెట్టుకోండి. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయానికి వస్తున్న పైలట్‌ మీరే అనుకోండి. మీరెవరు, ఎక్కడున్నారు, ఎంత ఎత్తులో ఉన్నారు, ఏం చేయదలచుకున్నారు అన్న నాలుగు విషయాలనూ ఒక్క ఊపిరిలో చెప్పండి. ధవళేశ్వరం బ్యారేజీకి దక్షిణంగా ఐదు మైళ్లు, రెండువేల అడుగులు, దిగడానికి వస్తున్నాం, అన్నట్టుగా. స్నేహితుణ్ణి కంట్రోలర్‌గా కూర్చోబెట్టి, అతడు ఇచ్చిన అంకెలను తిరిగి చెప్పండి. ఆ సమయంలో చేతికి ఏదో ఒక పని పెట్టుకోండి, మాట తడబడేది అప్పుడే. శిక్షణలో చేరిన మొదటి రోజున, ఇంజన్ స్టార్ట్ చేయకముందే, "సార్, ఈరోజు రేడియో ఎవరు చూస్తారు, నాకు ఏ పాఠం నుంచి ఇస్తారు?" అని మీ ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి.