డిజైన్ ప్యాటర్న్‌లు ఇంటర్వ్యూ కోసమేనా?

నమస్కారం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో డిజైన్ ప్యాటర్న్‌లు (సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు తరచూ ఎదురయ్యే సమస్యలకు పదేపదే వాడుకునే పరిష్కార నమూనాలు) అనగానే సింగిల్టన్, ఫ్యాక్టరీ, అబ్జర్వర్ అంటూ ఇంటర్వ్యూలో అప్పజెప్పవలసిన నిర్వచనాలే గుర్తుకు వస్తాయి. 1994లో నలుగురు రచయితలు 23 ప్యాటర్న్‌లను ఒకచోట చేర్చినప్పుడు వారి దృష్టి కోడ్ నిర్మాణం మీదే ఉన్నా, వెబ్ అప్లికేషన్ వాడేవారి అవస్థలు కొన్ని తీరవలసింది కూడా ఆ నిర్మాణంలోనే అని నా అభిప్రాయం.

కరెంటు బిల్లు కట్టే పేజీనే తీసుకుందాం. బటన్ నొక్కాక తెర కదలకపోతే ఎవరైనా రిఫ్రెష్ చేస్తారు. పోస్ట్ రిక్వెస్టుకు, అంటే మనం నింపిన వివరాలను బ్రౌజర్ సర్వర్‌కు పంపే అభ్యర్థనకు, జవాబుగా సర్వర్ నేరుగా రసీదు పేజీనే పంపితే, దాన్ని రిఫ్రెష్ చేసినప్పుడు అదే రిక్వెస్టు మళ్లీ వెళ్లి, డబ్బు రెండుసార్లు పోయే ప్రమాదం ఉంటుంది. పోస్ట్-రీడైరెక్ట్-గెట్ ప్యాటర్న్‌లో సర్వర్ పని ముగించి, 303 కోడ్‌తో (జవాబు వేరే అడ్రసులో చూడమని చెప్పే సంకేతంతో) బ్రౌజర్‌ను వేరే అడ్రసుకు మళ్లిస్తుంది కనుక, అక్కడ ఎన్నిసార్లు రిఫ్రెష్ చేసినా రసీదే కనిపిస్తుంది. అయితే జవాబు రాకముందే బటన్ రెండోసారి నొక్కితే ఈ పద్ధతి ఒక్కటే కాపాడదు. ప్రతి చెల్లింపుకూ ముందుగానే ఒక ప్రత్యేక సంఖ్య కేటాయించి, అదే సంఖ్యతో మళ్లీ వచ్చిన రిక్వెస్టుకు మొదటి ఫలితాన్నే తిరిగి ఇవ్వాలి. ఇవేవీ చేయకుండా "దయచేసి రిఫ్రెష్ చేయవద్దు" అని ఎర్రక్షరాలతో రాయడమంటే, నన్నడిగితే, మన పనిని వినియోగదారుడి నెత్తిన పెట్టడమే.

"నిజంగా తొలగించాలా?" అన్న ప్రశ్న కూడా అటువంటిదే, పదేపదే అడిగితే చదవకుండానే అవును నొక్కేస్తారు. కమాండ్ ప్యాటర్న్‌లో ప్రతి చర్యనూ ఒక ఆబ్జెక్టుగా (కోడ్‌లో దాచుకోగల ఒక విడి భాగంగా) మలిచి, దాన్ని వెనక్కి తిప్పే పద్ధతిని కూడా అందులోనే రాయవచ్చు కనుక, ముందు అడగడం మాని తరువాత అన్‌డూ ఇవ్వగలం. పంపిన మెయిల్‌ను వెనక్కి లాగలేం కాబట్టి జీమెయిల్ దాన్ని 5 నుంచి 30 సెకన్ల వరకు తన దగ్గరే ఆపి ఉంచుతుంది. చిన్న గారడీయే అయినా ముచ్చటైనది.

అవస్థలన్నీ నిర్మాణంలోనే తీరాలని లేదు. ఆధార్ కార్డు మీద 12 అంకెలు నాలుగేసి చొప్పున విడివిడిగా ఉంటాయి. అలాగే టైపు చేస్తే తప్పు అనే ఫారాన్ని, ఖాళీలు తీసేసే ఒక్క లైను కోడ్‌తో విడుదలకు ముందురోజు కూడా సరిచేయవచ్చు. అన్‌డూ అలా కుదరదు. తొలగించిన రికార్డును ఎన్నాళ్లు ఉంచాలి, దాన్ని ఎవరు తిరిగి తేవచ్చు అన్న ప్రశ్నలను మాదాపూర్ ఆఫీసుల్లో టెస్టింగ్ చివరి వారంలో కాక, డేటాబేస్ టేబుళ్లు గీసే రోజునే అడగాలి.