పువ్వును కిందినుంచి చూడండి

శ్రోతలకు నమస్కారం.

కాలిఫోర్నియాలో వానలు బాగా పడిన ఏడాది, మార్చి, ఏప్రిల్ నెలల్లో మైదానమంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. దగ్గరికెళ్లి వంగి చూస్తే జానెడు మొక్క, రూపాయి బిళ్లంత పువ్వు. అక్కడివాళ్లు గోల్డ్‌ఫీల్డ్స్ అంటారు. శాస్త్రంలో లాస్థీనియా. చామంతి కుటుంబమే.

ఈ కుటుంబంలో పువ్వు అంటే ఒక్క పువ్వు కాదు, పూలగుంపు. మన పలకాకు ఉంది చూశారూ, పలకలు తుడుచుకునే గడ్డి చామంతి, అదీ అంతే. అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. చుట్టూ రెక్కల్లా కనిపించేవి ఒక రకం పూలు, నడుమ బొడిపెలా ఉన్నవి మరో రకం. మొత్తాన్ని కింద ఆకుపచ్చటి చిన్న ఆకులు గిన్నెలా పట్టుకుంటాయి. వాటిని పుచ్ఛాలంటాం. ఈ పూట నేను చెప్పదలచింది ఆ గిన్నె గురించే.

ముందు ఆకులు చూడండి. గోల్డ్‌ఫీల్డ్స్‌లో ఆకులు కాండం మీద ఎదురెదురుగా, జంటగా వస్తాయి. అదే కాలంలో పూసే మొనోలోపియా అనే మరో పసుపు పూల మొక్కలో ఒకటి విడిచి ఒకటి వస్తాయి, పైగా మొక్కకు దూది అంటినట్టు నూగు ఉంటుంది. దూరం నుంచి రెండూ ఒకే పసుపు. ఆకుల జత చూస్తే అనుమానం తీరిపోతుంది.

అసలు చిక్కు గోల్డ్‌ఫీల్డ్స్‌లోనే ఉంది. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే ఫ్రీమాంట్ పట్టణంలో, వార్మ్ స్ప్రింగ్స్ దగ్గర, వానకాలంలో నీరు నిలిచి వసంతంలో ఎండిపోయే మడుగులున్నాయి. అక్కడ కాంట్రా కోస్టా గోల్డ్‌ఫీల్డ్స్ అనే అరుదైన జాతి పెరుగుతుంది. 1997 నుంచి అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న మొక్కగా కాపాడుతోంది. పైనుంచి చూస్తే మామూలు గోల్డ్‌ఫీల్డ్స్‌కీ దీనికీ తేడా దొరకదు. కిందినుంచి చూడాలి. మామూలుదానిలో పుచ్ఛాలు విడివిడిగా, దేనికది మొదలుదాకా చీలి ఉంటాయి. అరుదైనదానిలో సుమారు మూడోవంతు నుంచి సగం దాకా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఉప్పునేలల్లో పెరిగే మూడోది, గ్లాబ్రాటా, దానిలో మూడింట రెండొంతులకు పైగా అతుక్కుని నిజంగానే గిన్నె అవుతుంది. విడివిడిగా, సగం దాకా, దాదాపు మొత్తం. ఈ మూడు మాటలూ గుర్తుంచుకోండి.

అయితే ఒక జాగ్రత్త. మడుగుల్లోనే పెరిగే ఇంకో జాతి ఉంది, ఫ్రీమాంట్ గోల్డ్‌ఫీల్డ్స్ అని, దానికీ పుచ్ఛాలు విడివిడిగానే ఉంటాయి. కనక "మడుగులో ఉంది, అరుదైనదే" అని తీర్మానించకండి. నూగు అడ్డుపడి అతుకు కనబడకపోవచ్చు కూడా. పదింతలు చూపించే భూతద్దం పెట్టి, ఒక్క పుచ్ఛాన్ని సూదిమొనతో మెల్లగా కదిపి చూడండి. పక్కది కూడా కదిలితే అతుక్కున్నట్టే.

పువ్వు మాత్రం తెంపకండి, మోకాళ్ల మీద కూర్చుని అక్కడే చూడండి. మొక్క పేరు తేల్చాలంటే ఫోటోలు మూడు కావాలి: పైనుంచి ఒకటి, ఆకులు కాండాన్ని కలిసే చోట ఒకటి, పువ్వు అడుగు భాగం ఒకటి. చాలామంది మొదటిదొక్కటే పంపుతారు, పేరు చెప్పగలిగేది మూడోదాన్ని బట్టి.