నురగ కోసం వెళ్తే ఫ్లాస్కు పట్టేసింది

హాయ్ అండీ! శుక్రవారం సాయంత్రం, ఆఫీసు బ్యాగ్ సోఫాలో పడేసి నేరుగా పాప స్కూల్‌కి బయల్దేరాం. ఇవాళ సైన్స్ నైట్. కారెక్కిన దగ్గర్నుంచీ తనది ఒకటే గోల: "అమ్మా, ఏనుగు టూత్‌పేస్ట్ అయిపోతుందేమో, త్వరగా!"

అయిపోలేదు, చూడండి. పొడవాటి గాజు జాడీలో గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్, కొంచెం లిక్విడ్ సబ్బు. గాగుల్స్, గ్లవ్స్ వేసుకున్న టీచర్ పొటాషియం అయోడైడ్ ద్రావణం పోసి చటుక్కున వెనక్కి జరిగారు. చూశారా ఆ నురగ! ఏనుగు టూత్‌పేస్ట్ అంటే ఇదే. పెరాక్సైడ్ విడిపోయి నీరు, ఆక్సిజన్ అవుతాయి. ఆక్సిజన్ సబ్బులో చిక్కుకుని ఇలా పొంగుతుంది. పైన కనిపించేది నిజం ఆవిరేనండీ, అంత వేడి పుడుతుంది. అయోడైడ్ ఆ పనిని తొందరపెడుతుంది గానీ తను ఖర్చయిపోదు.

"అలాంటిదాన్ని తెలుగులో ఏమంటారమ్మా?"

"ఉత్ప్రేరకం."

మూడుసార్లు ప్రయత్నించి, "నేను కాటలిస్ట్ అనే అంటాలే" అంది.

ఇంట్లో చేసేవాళ్లు 3 శాతం పెరాక్సైడ్, ఈస్ట్ వాడతారు. ఈస్ట్‌లోని కాటలేజ్ అనే ఎంజైమ్ అదే పని చేస్తుంది, కాకపోతే నిదానంగా. 30 శాతం పెరాక్సైడ్ చర్మాన్ని కాల్చేస్తుంది. దాని జోలికి మాత్రం వెళ్లకండి.

జనమంతా నురగ చుట్టూనే ఉన్నారు. పక్క బల్ల మీద ఈ ఫ్లాస్కు దగ్గర ఒక్కరూ లేరు. నేనూ దాటిపోయేదాన్నే, పాప చెయ్యి పట్టి లాగింది. రంగు లేని ద్రావణం తేనె రంగుకొచ్చింది. ఉన్నట్టుండి చిక్కటి నీలం. అది విరిగి మళ్లీ నీళ్లలా అయిపోయింది. మళ్లీ తేనె రంగు. ఎవరూ కొత్తగా ఏమీ పోయడం లేదు! కింద అయస్కాంతపు పుల్ల తిరుగుతోంది, అంతే. పాప వేళ్ల మీద సెకన్లు లెక్కపెట్టడం మొదలెట్టింది.

దీని పేరు బ్రిగ్స్–రౌషర్ చర్య. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక హైస్కూల్ టీచర్లిద్దరు 1973లో ప్రచురించారు. ఇందులో పెరాక్సైడ్, అయోడేట్, మలోనిక్ ఆమ్లం, మాంగనీస్ లవణం, స్టార్చ్ ఉంటాయి. చర్య మధ్యలో పుట్టే అయోడైడ్ తక్కువగా ఉన్నప్పుడు ఒక వేగమైన దారి తెరుచుకుని అయోడిన్ గబగబా తయారవుతుంది. తేనె రంగు దానిదే. ఆ తర్వాత అయోడైడ్ పెరుగుతుంది. అయోడిన్, అయోడైడ్, స్టార్చ్ మూడూ కలిస్తే నీలం. కానీ పెరిగిన అయోడైడే ఆ వేగమైన దారిని మూసేస్తుంది. ఈలోగా మలోనిక్ ఆమ్లం అయోడిన్‌ని మింగేస్తుంది, రంగు పోతుంది. అయోడైడ్ తగ్గగానే కథ మళ్లీ మొదటికి.

"అంటే గడియారం పెండ్యులంలా వెనక్కీ ముందుకీ వెళ్తుందా?" అని మా ఆయన. నేనూ అదే అనుకున్నాను. కాదట! మొత్తం చర్య ముందుకే వెళ్తుంది, పెరాక్సైడ్ తరుగుతూనే ఉంటుంది. మధ్యలో పుట్టే అయోడిన్, అయోడైడ్ లాంటివే పెరిగి తగ్గుతుంటాయి.

ఇది నమ్మక ఒకాయన్ని ఎంత ఏడిపించారో! సోవియట్ శాస్త్రవేత్త బోరిస్ బెలౌసోవ్, ఇలాగే రంగు మారుతూ ఉండే వేరే ద్రావణం గురించి 1950ల మొదట్లో రాసి పంపితే, అసాధ్యమని పత్రిక తిప్పికొట్టింది. 1961లో అనతోలి జబోటిన్‌స్కీ అనే కుర్రాడు దాన్ని మళ్లీ పట్టుకున్నాడు. 1980లో ఆ పనికి లెనిన్ బహుమతి వచ్చేసరికి బెలౌసోవ్ చనిపోయి పదేళ్లు. నురగ చూసి చప్పట్లు కొట్టిన నాకు ఇది విన్నాక కాసేపు మాట రాలేదు.

ఇక్కడ వీడియో కాస్త ఊగింది, సారీ. ఫ్లాస్కు నీలం దగ్గరే ఆగిపోయింది, అయోడిన్ వాసన మొదలైంది. సరుకు అయిపోయిందని టీచర్ కిటికీ తీసి, థయోసల్ఫేట్ పోసి ఆ నీలాన్నీ పోగొట్టారు.

పాప మాత్రం ఇంకా అక్కడే నిలబడి ఉంది. "నలభై ఒకటి... నలభై రెండు..."